న్యూబార్న్ గిఫ్ట్ సెట్: పెట్టె నిండుగా ఉంది, పనికొచ్చేది మాత్రం కొంచెమే

పౌడర్, సబ్బు, నూనె, లోషన్, మిటెన్స్ (చిట్టి చేతి తొడుగులు), చిట్టి దిండు, ఒక పాలసీసా. ఏ గిఫ్ట్ సెట్ తెరిచినా దాదాపు ఇదే వరస. బిడ్డను చూడ్డానికి వెళ్లేవాళ్లు ఉత్త చేతులతో వెళ్లకుండా చేసిన సరుకు ఇది. బిడ్డ అవసరం లెక్కలోకి వచ్చినట్టు లేదు.

పౌడర్ ముందే తీసేయండి. టాల్కమ్ అయినా మొక్కజొన్న పిండి అయినా, చల్లగానే పైకి లేచే పొడి ఊపిరితో లోపలికి పోతుంది. దిండూ వద్దు. మొదటి ఏడాదంతా గట్టిగా, సమంగా ఉండే పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన గుడ్డ, అంతే. మెత్తనివి ఊపిరికి అడ్డం పడతాయనే, తొట్టి చుట్టూ కట్టే మెత్తని బంపర్ల అమ్మకాన్ని అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ నిషేధించారు.

మిటెన్స్ తిరగేసి కుట్టు చూడండి. వదులైన దారం పోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. పైకి కనబడదు కాబట్టి ఏడుపు ఎందుకో కూడా అంతుపట్టదు. గోళ్లు తీస్తూ ఉంటే వీటితో పనే లేదు.

సీసా 250 మి.లీ.ది! మొదటి రోజు బిడ్డ ఒక్కో విడతకు తాగేది చెంచాడు పాలే. తల్లిపాలు సరిపోతుంటే సీసాతో పనిలేదు. డబ్బాపాలు తప్పనిసరైతే చిన్న సీసా, స్లో ఫ్లో నిపుల్ కొనండి. బోర్లిస్తే చుక్కలుగా పడాలి, ధార కట్టకూడదు. భాగాలన్నీ ఊడదీసి కడిగి, మునిగేటన్ని నీళ్లలో 5 నిమిషాలు మరిగిస్తే చాలు. స్టెరిలైజర్ సౌకర్యమే తప్ప అవసరం కాదు.

లోషన్ మీద 'డెర్మటాలజిస్ట్ టెస్టెడ్' అని ఉంటుంది. పరీక్షించారు సరే, ఏం తేలిందో? సువాసన లేనిదైతే ఉంచుకోండి.

అసలు కావలసినవి పెట్టెలో లేవు. డిజిటల్ థర్మామీటర్ ఒకటి: 3 నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ గానీ, అంతకు మించి గానీ ఉంటే మందు వేసి చూద్దామనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డైపర్లు మొదట్లో రోజుకు 8 నుంచి 12 దాకా పడతాయి. బొడ్డు ఊడేదాకా డైపర్ ముందు అంచును బొడ్డు కిందికి మడవండి. పక్కల నుంచి కారిందంటే సైజునే అనుమానించక్కర్లేదు. తొడ దగ్గరి కుచ్చు అంచు లోపలికి మడత పడినా కారుతుంది. తొడిగాక వేలితో చుట్టూ తీసి బయటికి లాగాలి.

న్యూబార్న్ సైజు కొన్ని వారాలకే బిగుతవుతుంది. బహుమతి ఇవ్వాలనుకుంటే దాని పై సైజు డైపర్ ప్యాకెట్, సీలు తీయకుండా, బిల్లుతో సహా ఇవ్వండి.