రెండేళ్ల పాప పిప్పిపళ్లకు వైద్యం చేయించిన పిల్లల దంతవైద్యశాల: మా సమీక్ష

పిల్లల దంతవైద్యశాలల గురించి సమీక్షలు రాసేవారు ఎక్కువగా గోడల మీది బొమ్మలను, ఆటల గదిని, చివర్లో చేతికిచ్చే బెలూన్లను మెచ్చుకుంటారు. మేము మా అమ్మాయిని చూపిస్తున్న చోట కూడా అవన్నీ ఉన్నాయి కానీ, నేను ఈ సమీక్ష రాయడానికి కారణం వేరు. అక్కడి వైద్యురాలికి ఏ రోజు ఎంతవరకు పని చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ ఆపాలో బాగా తెలుసు. పళ్లు పుచ్చిన పసిబిడ్డను ఎవరి చేతిలో పెట్టాలా అని వెతుక్కునే తల్లిదండ్రులు వైద్యుల సౌమ్యతను ముద్దుమాటలతో కాక, ఈ తెలివిడితో అంచనా వేసుకోవాలని నా అభిప్రాయం.

మా పాపకు రెండేళ్లు దాటాయి. పై ముందుపళ్లు నాలుగింటికీ చిగుళ్ల అంచున మొదట సుద్ద పూసినట్లు తెల్లటి చారలు కనిపించాయి. అవి క్రమంగా గోధుమ రంగుకు తిరిగి, రెండు పళ్ల అంచులు రాలడం మొదలైంది. కింది దవడపళ్లలో ఒకదానికి గుంట పడింది. కింది ముందుపళ్లకు మాత్రం ఏమీ కాలేదు. పాలు తాగుతూ నిద్రపోయే పిల్లల్లో పుచ్చు తరచుగా ఇదే వరుసలో వస్తుందట. తాగేటప్పుడు నాలుక కింది ముందుపళ్లను కప్పి ఉంచుతుంది, లాలాజలం కూడా అక్కడే ఎక్కువగా ఊరుతుంది కాబట్టి అవి తప్పించుకుంటాయి. పైపళ్ల సంగతి అలా కాదు, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోవడం వల్ల వాటికి అంటిన పాలు చాలాసేపు అలాగే నిలిచి ఉంటే, నోటిలోని సూక్ష్మజీవులు అందులోని చక్కెరను ఆమ్లంగా మార్చి పంటిని కరిగిస్తాయి. పాలపళ్ల ఎనామిల్ (పంటి గట్టి పైపొర) శాశ్వత దంతాల ఎనామిల్ కంటే పలచన కనుక, తెల్ల మచ్చ గుంటగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. ఈ విషయాలన్నీ వైద్యురాలు చిన్న అద్దంలో పాప పళ్లను మాకు చూపిస్తూ వివరించారు. అలా వివరిస్తున్నంతసేపూ తల్లిని దోషిగా నిలబెట్టే మాట ఒక్కటి కూడా ఆమె నోట రాలేదు.

ఇక్కడికి రాకముందు మరొక చోట చూపించాము. అక్కడ ఒక్క చూపు చూసి, పూర్తి మత్తు ఇచ్చి ఒకే విడతలో అన్ని పళ్లకూ పని కానిచ్చేద్దామన్నారు. వేరే మార్గాలు లేవా అని అడిగితే "ఈ వయసు పిల్లలు మాట వినరండీ" అన్నదే సమాధానమైంది. పూర్తి మత్తే తప్పని నేను అనడం లేదు. చాలా పళ్లకు చీము పట్టి, బిడ్డ నొప్పితో అల్లాడుతున్నప్పుడు, అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిలో మత్తు వైద్యుల పర్యవేక్షణలో ఒకేసారి చికిత్స ముగించడమే ఆ బిడ్డకు మేలు కావచ్చు. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పదేపదే గానీ మత్తు ఇవ్వడం మెదడు ఎదుగుదలపై ప్రభావం చూపవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. ఒక్కసారి కొద్దిసేపు ఇచ్చే మత్తు వల్ల అటువంటి హాని ఉండకపోవచ్చని కూడా అప్పుడే చెప్పింది. ఇంత పెద్ద నిర్ణయాన్ని ఎక్స్‌రే అయినా తీయకుండా, ఇతర మార్గాలను చర్చించకుండా మా ముందు పెట్టడమే మాకు నచ్చలేదు.

ఇప్పుడు చూపిస్తున్న చోట మొదటి రోజు పాపను పెద్ద కుర్చీ ఎక్కించనేలేదు. వైద్యురాలు, మా ఆవిడ ఎదురెదురుగా మోకాళ్లు ఆనించుకుని కూర్చున్నారు. పాప అమ్మ నడుము చుట్టూ కాళ్లు వేసి, వెల్లకిలా వాలి, వైద్యురాలి ఒడిలో తల పెట్టుకుంది. చేతులు అమ్మ చేతుల్లోనే ఉన్నాయి, కళ్లెత్తితే అమ్మ ముఖమే కనిపిస్తోంది. పాప ఏడ్చింది. ఆ వయసు పిల్లలు అటువంటప్పుడు ఏడవడం సహజమేననీ, నోరు తెరిచి ఏడుస్తుంటే తనకు పళ్లు ఇంకా బాగా కనిపిస్తాయనీ వైద్యురాలు నవ్వుతూ అనేసరికి మా బెంగ సగం తగ్గింది. నిమిషం గడిచేలోపే పరీక్ష ముగించి పాపను లేపి కూర్చోబెట్టారు. ఆ రోజు పళ్లకు పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం తప్ప మరే చికిత్సా చేయలేదు. ఇంత దూరం వచ్చినందుకు ఇంతేనా అని నాకు అనిపించిన మాట నిజం. కానీ తరువాతిసారి పాప ఆ గదిలోకి మొండికేయకుండా నడిచి వచ్చిందంటే అది ఆ రోజు ఆగినందువల్లనే.

ముందుపళ్లకు ఆమె సూచించిన మందు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. ఇందులోని వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని గట్టిపరుస్తుంది. సూది, డ్రిల్లు ఏవీ అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని అత్యావశ్యక ఔషధాల నమూనా జాబితాలో చేర్చింది. అయితే ఒక చిక్కుంది: మందు తగిలిన పుచ్చు భాగం నల్లగా మారిపోతుంది, ఆ నలుపు తొలగదు. ఈ మాటను ఆమె ఎక్కడా దాచలేదు, తేలిక చేసి చెప్పలేదు. మందు వేసిన పిల్లల పళ్ల ఫోటోలు చూపించి, ఇంట్లో పెద్దవాళ్లతో కూడా మాట్లాడుకుని రమ్మని, ఆ తరువాతే అంగీకార పత్రం మీద సంతకం తీసుకున్నారు. రాత్రిళ్లు దానంతటదే నొప్పి పుట్టే పంటికి, చిగురు మీద చీముపొక్కు లేచిన పంటికి ఈ మందు పనికిరాదని కూడా చెప్పారు.

మందు వేసే రోజున ముందుగా పాప పెదవులకు, చుట్టుపక్కల చర్మానికి వాజలిన్ రాశారు, ఎందుకంటే ఆ ద్రవం చర్మానికి తగిలితే కొన్నాళ్లపాటు నల్లటి మరక ఉంటుంది. పళ్ల చుట్టూ దూది పెట్టి తడి లేకుండా ఆరబెట్టి, ఒక ప్లాస్టిక్ గిన్నెలో వేసిన చుక్కలో సన్నని కుంచె ముంచి, ఒక్కొక్క పంటి మీద నెమ్మదిగా అద్దారు. ఆ కుంచెను ముందు పాప గోటి మీద మందు లేకుండా రాసి చూపించారు, తరువాత బొమ్మ కోతి పళ్లకు రాయించారు, ఆపైనే నోటి దగ్గరికి తెచ్చారు. మధ్యలో పాప చెయ్యి ఎత్తితే నిజంగానే ఆగారు. చేదుగా, ఇనుము నాకినట్లుగా ఉందేమో, ముఖం వికారంగా పెట్టింది. అంతకు మించి ఏమీ జరగలేదు. ఇప్పుడు పాప నవ్వితే నల్లటి మచ్చలు కనిపిస్తాయి, చూసినవాళ్లు అడుగుతారు కూడా. పుచ్చు మాత్రం అక్కడితో ఆగి, ఆ భాగం గట్టిపడింది. కొన్ని నెలలకొకసారి మళ్లీ వేయవలసి ఉంటుంది.

దవడపంటి విషయంలో ఆమె వాదన వేరుగా ఉంది. ఊడిపోయే పళ్లకు ఇంత హంగామా ఎందుకని మా బంధువుల్లో అడగనివారు లేరు. ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి గానీ, దవడ పాలపళ్లు పదేళ్ల వరకు, కొన్ని అంతకు పైన కూడా ఉండాలి. అవి ముందే పోతే పక్కపళ్లు జరిగి, కింద నుంచి రావలసిన శాశ్వత దంతానికి చోటు ఇరుకవుతుంది. అందువల్ల అక్కడ హాల్ పద్ధతిలో స్టీలు క్యాప్ వేశారు. స్కాట్లాండ్‌కు చెందిన నోర్నా హాల్ అనే దంతవైద్యురాలి పేరు మీద వచ్చిన ఈ పద్ధతిలో పుచ్చును తవ్వి తీయరు, మత్తు సూది ఇవ్వరు. పంటి లోపలి నరం దెబ్బతినలేదని నిర్ధారించుకున్నాక, సిమెంటు నింపిన క్యాప్‌ను పంటి మీద బిగిస్తారు, లోపల మిగిలిన సూక్ష్మజీవులకు ఆహారం అందక పుచ్చు ఆగిపోతుంది. మొదట్లో కొరుకు కొంచెం ఎత్తుగా తగిలి పాప ఇబ్బంది పడింది, త్వరలోనే సర్దుకుంది.

లోపాలు లేకపోలేదు. ముందుగా సమయం తీసుకున్నా చాలాసేపు కూర్చోవలసి వస్తుంది. పసిపిల్లలు నిద్రకు తూగే మధ్యాహ్నం వేళ ఇచ్చే సమయాలను ఒప్పుకోకుండా ఉదయం వేళనే పట్టుబట్టి అడగండి. ముందు గదిలోని సిబ్బంది ఒకరు పాపను చూసి "సూది ఇవ్వరులే, భయపడకు" అని ఓదార్చబోయారు. సూది సంగతి అప్పటిదాకా పాప బుర్రలోనే లేదు. లోపల వైద్యురాలు ఎంతో జాగ్రత్తగా వాడని మాటను బయట ఇలా వాడటం ఏమిటని నేను అడిగాను. విన్నారు, సంజాయిషీ చెప్పుకోలేదు. చికిత్స వివరాల కాగితంలో ఇంటి దగ్గర చేయవలసినవి రాసి ఇస్తే ఇంకా బాగుండేది. నోటితో చెప్పినవి ఇవి: మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు పెద్దవాళ్లే తోమాలి, తోమాక రాత్రి మంచినీళ్లు తప్ప ఏమీ పట్టకూడదు.

తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి బిడ్డను లోపలికి తీసుకువెళ్లే వైద్యశాలలు ఉన్నాయి కాబట్టి, ఎక్కడికి వెళ్లినా ముందే ఫోనులో అడగదగిన ప్రశ్న అదే. ఇక్కడ మేము ఎప్పుడూ పాప పక్కనే ఉన్నాము. ఈ వైద్యశాలలో రాత్రి వేళల్లోను, సెలవు రోజుల్లోను ఎవరూ అందుబాటులో ఉండరు. బుగ్గ వాచి, జ్వరం వచ్చి, బిడ్డ మింగలేకపోతున్నప్పుడు ఇక్కడి సమయం కోసం ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.