మహాలక్ష్మి బస్సు ప్రయాణం: జీరో టికెట్ అడిగి తీసుకోండి

జనగామలో జాకెట్లు కుడతాను. లైనింగు, లేసు, ఫాల్స్ కొనడానికి సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వెళ్తుంటాను. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. అంతకుముందు రానుపోను ఛార్జీలు గిట్టక, ఊళ్ళో దొరికిన రంగుతోనే సరిపెట్టేదాన్ని. ఇప్పుడు చీర వెంట తీసుకెళ్ళి, కొట్టు గుమ్మంలో ఎండకు పట్టి చూసి, అంచుకు సరిగ్గా కలిసే లేసే తెస్తున్నాను. పెళ్ళి జాకెట్లు నా దగ్గరికి రావడం అప్పటి నుంచే.

ఉప్పల్ దాకా ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి సిటీ బస్సు. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ కూడా ఉచితమే. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొనాలి. తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. ట్రాన్స్‌జెండర్లకూ ఈ పథకం వర్తిస్తుంది.

కండక్టరు మెషిన్ నుంచి జీరో టికెట్ తీసి ఇస్తారు. డబ్బులు లేవు కదా, టికెట్ ఎందుకని కొందరు తీసుకోరు. దయచేసి తీసుకోండి. ఆ టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి ఛార్జీ చెల్లించాలి. పొద్దున్న లేచింది మొదలు మనం చేసే చాకిరీ ఏ పద్దులోనూ ఉండదు. కనీసం మన ప్రయాణమైనా రాతలోకి ఎక్కుతోంది.

ఒకసారి పక్క సీటు పెద్దాయన, "ఉచితం పెట్టాక ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఉండటం లేదు" అన్నారు. "ఈ సంచిలోని సరుకుకు జీఎస్టీ కట్టాను, పనికే వెళ్ళొస్తున్నాను" అన్నాను. సంచి లేకపోయినా ఊరుకునేదాన్ని కాదు. అక్కను చూడటానికో, సినిమాకో బయల్దేరిన ఆడమనిషి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. మగవాళ్ళను ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

రద్దీ పెరిగిన మాట నిజం. నిలబడి వెళ్ళాల్సి వస్తోందని మగవాళ్ళు బాధపడుతున్నారు, ఆడవాళ్ళమూ నిలబడే వెళ్తున్నాం. బస్సులు పెంచమని ఇద్దరం కలిసి అడగాలి. ముఖ్యంగా సాయంత్రం పూట పల్లెవెలుగులు పెంచాలి. నా దగ్గర కుట్టు నేర్చుకునే అమ్మాయిలు చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు. చీకటి పడుతుందేమోనని మిషను మీద పని సగంలో ఆపి లేవాల్సిన అవసరం వాళ్ళకు ఉండకూడదు.