బోరు నీళ్ల ట్యాంకులో ఎయిర్ స్టోన్లు: కొన్నేళ్లు వాడి చూశాక

హనుమకొండలో మా ఇంట్లో రెండడుగుల గోల్డ్ ఫిష్ ట్యాంకు ఉంది. ఎయిర్ స్టోన్ అంటే గాలి పంపు పైపు చివర తగిలించే సన్న రంధ్రాల రాయి, పంపు పంపే గాలిని బుడగలుగా నీళ్లలోకి వదులుతుంది. ఇన్నేళ్లలో దుకాణాల్లో దొరికే ఎయిర్ స్టోన్లు దాదాపు అన్ని రకాలూ అందులో వేశాను. బూడిద రంగులో వేలెడంత ఉండే మామూలు రాయి, గుండ్రటిది, అడ్డంగా పెట్టే పొడవాటి కడ్డీ, ఖరీదైన సెరామిక్ డిస్క్. ఇన్ని చూశాక నేను స్థిరపడింది ఆ మామూలు బూడిద రాయి మీదే. అయితే దాన్ని నెలకోసారి కడుక్కోవాలి. ఆ ఓపిక లేకపోతే ఏ రాయి కొన్నా ఒకటే.

డిస్క్ బాగాలేదని కాదు. కొత్తలో దాని అందమే వేరు, బుడగలు సాంబ్రాణి పొగలా లేస్తాయి. కానీ అంత సన్నటి రంధ్రాల్లోంచి గాలి బయటికి రావాలంటే పంపుకు బలం కావాలి. చిన్న పంపులు దానికి చాలవు. పైగా మా బోరు నీళ్లు. బకెట్ అంచున, గీజర్ లోపల పేరుకునే తెల్లటి సున్నమే రాయి మీదా పేరుకుంటుంది. రాయి దగ్గర ఇంకా త్వరగా పడుతుంది కూడా. బుడగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేస్తుంటే, అప్పటిదాకా నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, కాల్షియం కార్బొనేట్‌గా మారి గట్టిపడుతుంది. దాని మీద పాచి, జిగురు పొర చేరితే ఇక చెప్పక్కర్లేదు. ధర్మసాగర్ వైపు నుంచి వచ్చే నల్లా నీళ్లు పోసిన రోజుల్లో ఈ బాధ చాలా తక్కువగా ఉండేది. కాకపోతే వాటికి క్లోరిన్ విరుగుడు చుక్కలు తప్పనిసరి.

రాయి పూడుకుపోతోందని ఎలా తెలుస్తుందంటే, ముందు బుడగలు ఒక పక్క నుంచే వస్తాయి. తర్వాత పైపు గుచ్చే మెడ దగ్గర్నుంచి పెద్ద పెద్ద బుడగలు గుడగుడమంటూ వస్తాయి. అప్పటికే పంపు మోత మారి ఉంటుంది, చేత్తో ముడితే వేడిగా తగులుతుంది. ఆ దశలో రాయిని పైపు నుంచి ఊడదీసి చూడండి. ఉత్త పైపులోంచి గాలి జోరుగా వస్తే తప్పు రాయిదే. అలా తీసినా గాలి నీరసంగానే వస్తుంటే పంపు లోపల గాలిని తోసే రబ్బరు పొర, అంటే డయాఫ్రం, పోయినట్టు, లేదా పైపు ఎక్కడో నొక్కుకుపోయినట్టు. ఈ చిన్న పరీక్ష చేయకుండానే చాలామంది కొత్త పంపు కొంటారు. పూడుకుపోయిన రాయితోనే నెలల తరబడి నడిపితే ఆ ఒత్తిడికి డయాఫ్రం చిరుగుతుంది. రాయి ఖరీదెంత, పంపు ఖరీదెంత?

కడగడానికి రకరకాల పద్ధతులు పెట్టి చూశాను. మన నీళ్లకు బాగా పనిచేసింది నిమ్మ ఉప్పు. కిరాణా షాపులో దొరికేదే. గోరువెచ్చని అర లీటరు నీళ్లలో రెండు చెంచాలు కలిపి రాయిని వేస్తే వెంటనే సన్నగా బుసబుసమని నురగ మొదలవుతుంది. కరుగుతున్న సున్నంలోంచి వచ్చే గ్యాసు అది. నురగ ఆగిపోయాక తీసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పంపుకు తగిలించి మంచినీళ్ల మగ్గులో కాసేపు గాలి వదలాలి. లోపలి నుంచి గాలి తోస్తే రంధ్రాల్లో మిగిలిన మడ్డి బయటికి వచ్చేస్తుంది. పైపైన కడిగి వదిలేసే వాళ్లు ఈ పని చేయరు, అందుకే వాళ్ల రాయి వారానికే మళ్లీ మొరాయిస్తుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ వాసన ఎక్కువ, ఖర్చూ ఎక్కువ.

పాచి లోపలికంటా పట్టిన రాయికి నిమ్మ ఉప్పు చాలదు. దానికి పది నిమిషాలు నీళ్లలో మరిగించడం మంచిది. మెడ ప్లాస్టిక్‌ది అయితే మరిగించవద్దు, అంటించిన జిగురు వదులవుతుంది. అలాంటి వాటికి మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతాను. అది చివరికి నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, బాగా కడిగితే చేపలకు భయం లేదు. బ్లీచ్ కూడా పనిచేస్తుందని చాలామంది వాడతారు, కానీ రాయి లోపల ఇంకిపోయిన క్లోరిన్ పూర్తిగా పోయేదాకా నానబెట్టి కడగడం పెద్ద పని. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. బ్లీచ్‌ను నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి, విషపు క్లోరిన్ గ్యాసు వస్తుంది. సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ అసలే వద్దు.

కరెంటు పోయినప్పుడు జరిగేది ఎవరూ పట్టించుకోరు. గాలి ఆగగానే ట్యాంకు నీళ్లు మురికితో సహా రాయిలోకి, పైపులోకి వెనక్కి వస్తాయి. పంపు నీటి మట్టం కంటే కింద ఉంటే పంపులోకీ దిగుతాయి, అక్కడి నుంచి గచ్చు మీదికి. పంపును ట్యాంకు కంటే ఎత్తులో పెట్టండి, కుదరకపోతే పైపు మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి. అదే కారణంగా, రాయిని కడగడానికి బయటికి తీసేటప్పుడు పంపు నడుస్తుండగానే తీస్తాను.

వేసవిలో ఈ పని ఇంకా ముఖ్యం. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీలకు అది 7.5 చుట్టూ ఉంటుంది. మన ఎండలకు ట్యాంకు నీరు 30 దాటడం మామూలే. గోల్డ్ ఫిష్‌లు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉంటే నాకు ఎంత టెన్షనో చెప్పలేను, ఆ ప్రాణాలు మన మీదే ఆధారపడి ఉన్నాయి కదా. బుడగలోంచి నీటిలోకి చేరే ఆక్సిజన్ కొంచెమే. బుడగలు పైకి వస్తూ నీటిని కదిలించడం వల్లే ఎక్కువ గాలి కలుస్తుంది. కాబట్టి సన్నటి బుడగల కోసం తాపత్రయపడకుండా, నీటి పైభాగం బాగా కదులుతోందా లేదా చూసుకోండి. మామూలు రాయి ఆ పని చక్కగా చేస్తుంది.

రెండుసార్లు కడిగినా బుడగలు సమంగా రాకపోతే, గోటితో గీకితే పొడి రాలుతుంటే ఇక దాన్ని పారేసి కొత్తది వేయడమే. నేను ఎండలు ముదరక ముందే రెండు రాళ్లు, ఒక డయాఫ్రం తెచ్చి పెట్టుకుంటాను. కొత్త రాయిని పైపుకు తగిలించే ముందు కాసేపు నీళ్లలో నాననివ్వండి.