కాన్పు, పసిపిల్లల ఎమర్జెన్సీ శిక్షణ: మూడు రోజులు కూర్చుని వచ్చాక

నేను పాడేరు వైపు 108 అంబులెన్సులో ఈఎంటీని, అంటే బండి వెనక రోగిని చూసుకునే మనిషిని. తొమ్మిదేళ్లయింది. పోయిన నెల సెలవు పెట్టి, సొంత డబ్బు 4,500 కట్టి, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కేంద్రం నడిపే మూడు రోజుల శిక్షణకు వెళ్లాను. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రాణం మీదికి వస్తే ఏం చేయాలన్నదే కోర్సంతా. "పనికొస్తుందా అక్కా, డబ్బులు దండగా?" అని తోటి ఈఎంటీలు ఫోన్లు చేస్తున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను. వెళ్లండి. లోపాలున్నాయి, అవీ చెప్తాను.

మొదటి రోజు పొద్దున్నే నేల మీద పాత కాటన్ చీర పరిచి, దాని మీద ఎర్రరంగు నీళ్లు పోసి, రక్తం ఎంత పోయిందో చీటీ మీద రాయమన్నారు. నేను 200 మి.లీ. అని రాశాను. పక్కనున్న అబ్బాయి 150 అన్నాడు. పోసింది 500. కాన్పయ్యాక రక్తస్రావం ప్రమాదంలో పడిందని లెక్కవేసే హద్దు అదే. ఇన్నేళ్లలో ఎన్ని కేసు కాగితాల మీద "బ్లీడింగ్ మామూలే" అని రాశానో గుర్తొచ్చి ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

తర్వాత శిక్షకురాలు మామానటాలీ అనే బొమ్మను పొట్టకు కట్టుకుని పడుకున్నారు. ఆవిడ ఏళ్ల తరబడి లేబర్ రూములో చేసిన నర్సు. ఆ బొమ్మలోంచి బిడ్డ వస్తుంది, మాయ వస్తుంది, ఆవిడ తలచుకుంటే రక్తమూ కారుతుంది. నిజంగా నొప్పులు పడుతున్నట్టే అరుస్తారు. మనం మాట్లాడకుండా పని చేసుకుపోతే చెయ్యి పట్టుకుని "నాకేమవుతోందమ్మా, చెప్పవేం?" అంటారు. బిడ్డ పుట్టిన నిమిషంలోపే, గర్భసంచి ముడుచుకుని రక్తం ఆగేందుకు, తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇవ్వాలి. ఆ ఇంజెక్షన్‌ను చల్లగా దాచాలి కాబట్టి, అది లేనిచోట 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మాత్రలు మూడు వేయించాలి. ఇంతవరకు తెలిసిందే. గర్భసంచి ఎంత రుద్దినా గట్టిపడకపోతే ఒక చేతి పిడికిలి లోపల, రెండో చెయ్యి పొట్ట మీద పెట్టి దాన్ని మధ్యలో నొక్కిపట్టాలి. పుస్తకంలో బొమ్మ చూశానే తప్ప ఎప్పుడూ చేయలేదు. మూడు నిమిషాలకే నా మోచెయ్యి వణికిపోయింది.

అక్కడే నా ప్రశ్న అడిగేశాను. "మేడమ్, ఇక్కడ బల్ల చుట్టూ నలుగురం ఉన్నాం. బండిలో వెనక నేనొక్కదాన్నే కదా?" 2005లో హైదరాబాద్‌లో 108 మొదలైననాటి నుంచీ బండికి ఈఎంటీ, పైలట్ (మా డ్రైవర్‌ను అలాగే అంటాం), ఇద్దరే. పైలట్ స్టీరింగ్ వదల్లేడు. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు మేం వెళ్లేసరికి బండి వెడల్పుకు కుర్చీలు రెండు వరసలు వేయించి, ఒకమ్మాయిని అత్తగారి వేషంలో కూర్చోబెట్టారు. "అత్తగారిని ఊరికే ఏడవనివ్వకు. ఆవిడ చెయ్యి పట్టుకుని గర్భసంచి మీద పెట్టు. బంతిలా గట్టిగా తగిలేదాకా రుద్దుతూ ఉండమను. నువ్వు సెలైన్ చూసుకో." నేను కట్టిన డబ్బు ఆ ఒక్క మాటకే చెల్లిపోయింది. వచ్చిన పదో రోజున కొండ దారిలో బండిలోనే కాన్పయింది. గర్భసంచి మెత్తగా తగిలింది. ఆ అమ్మాయి అత్తగారు ఆస్పత్రి గుమ్మం దాకా రుద్దుతూనే ఉంది, "ఇంకా రుద్దనా తల్లీ?" అని అడుగుతూ. తల్లీ బిడ్డా క్షేమం.

రెండో రోజు ఏడవని బిడ్డ గురించి. తుడవడం, వెచ్చగా ఉంచడం, మెడ సరిచేయడం, అవసరమైతే ముందు నోరు, తర్వాత ముక్కు శుభ్రం చేయడం, అప్పటికీ ఊపిరి తీయకపోతే బ్యాగు, మాస్కుతో గాలి ఊదడం. ఇదంతా మొదటి నిమిషంలో మొదలైపోవాలి. స్టాప్‌వాచ్ పెట్టారు. పద్నాలుగు మందిలో మొదటిసారికి బొమ్మ ఛాతీ లేపగలిగినవాళ్లు ఇద్దరు. నా మాస్కు పక్కనుంచి గాలి పోతూనే ఉంది, మెడ మరీ వెనక్కి వంచేశాను. రెండేళ్ల కిందట ఘాట్ మలుపులో పుట్టిన ఒక పాప అరికాళ్లు తడుతూ, నోట్లో సక్షన్ పెడుతూ ఎంత సేపు పోగొట్టానో ఇప్పుడు తెలిసింది. ఆ పాప ఏడ్చింది, బతికింది. అది నా గొప్ప కాదు. ఇరవయ్యోసారికి గానీ నా చేతికి కుదరలేదు. అన్నిసార్లూ ఓపిగ్గా చేయించారు, అందుకు దండం పెడతాను.

గుర్రపువాతం పాఠం చిన్నదే. ఫిట్స్ వచ్చిన గర్భిణిని ఎడమ పక్కకు తిప్పడం, ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు 14 గ్రాములు, ఊపిరి, మోకాలి కదలిక చూసుకోవడం. ఒక్కో గ్రాము ఆంపూల్ చొప్పున 14 పగలగొట్టి సిరంజిల్లోకి లాగి చూస్తే తెలిసింది, ఆ టెన్షన్‌లో అదెంత సేపు పడుతుందో. డాక్టర్‌కు ఫోన్ కలుపుతూనే ఆంపూల్స్ బయటికి తీసి పెట్టుకోవాలని నేర్చుకున్నాను.

నాకు కోపం వచ్చింది పిల్లల భాగం మీద. మూడో రోజు భోజనాల తర్వాత మిగిలిన పూటలో కుక్కేశారు. ఇద్దరం ఉంటే పసిబిడ్డకు రెండు బొటనవేళ్లతో 15 నొక్కులకు 2 శ్వాసలు, గొంతుకు ఏదైనా అడ్డుపడితే వీపు మీద 5 దెబ్బలు, రొమ్ము మీద 5 నొక్కులు. బాగానే చేయించారు. పొడవును బట్టి బరువు చెప్పే టేపు కూడా చూపించారు, కానీ బక్కచిక్కిన మా కొండ పిల్లలకు అది బరువు ఎక్కువ చూపిస్తుంది. మందు లెక్క దాని మీదే ఆధారపడుతుంది కదా? పాము కాటు, మలేరియాతో ఫిట్స్, విరేచనాలతో కళ్లు లోపలికి పోయిన పిల్లలు, మా కేసుల్లో సగం ఇవే. వీటికి పది నిమిషాలైనా దక్కలేదు. ఇచ్చిన పుస్తకం పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంది. ఆవిడ అంత చక్కటి తెలుగులో చెప్పినది చేతిలో కాగితంగా లేకపోతే రాత్రి రెండింటికి నేనేం తిరగేసి చూసుకోవాలి?

ఈ మాటలన్నీ చివరి రోజు వాళ్లిచ్చిన ఫారంలో రాసి, ఆవిడకు నోటితోనూ చెప్పాను. పిల్లలకు ఒక రోజు పూర్తిగా కేటాయించమని, ఆర్నెల్లకోసారి ఒక్క పూట చేతిపని మళ్లీ చేయించమని అడిగాను. తెలుగు పుస్తకం గురించి ఆవిడ ఏమీ అనలేదు. ఆర్నెల్ల పూటకు మాత్రం ఒప్పుకున్నారు, పైలట్‌ను వెంట తెచ్చుకుంటే అతనికి ఫీజు వద్దన్నారు. మా పైలట్ అన్న అప్పుడే సెలవు అడిగి పెట్టాడు.