చొక్కా వదులైంది, బరువు తగ్గలేదు

మాది ఉద్దానం, కవిటి వైపు. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఏ డయాలసిస్ సెంటర్ బాగుంటుందని అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి రాస్తున్నాను. నాన్న రెండేళ్లుగా ఈ సెంటర్‌కే వెళ్తున్నారు. వారానికి మూడు రోజులు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు.

ముందు లోపాలు చెప్పేస్తా. ఏసీ చలికి పళ్లు టకటకలాడతాయి, దుప్పటి మనమే తీసుకెళ్లాలి. తోడు వచ్చినవాళ్లకి ఉన్నవి నాలుగే కుర్చీలు, అందులో ఒకటి విరిగింది.

పోయిన చలికాలం నాన్నకి దగ్గు పట్టుకుంది. పడుకుంటే ఆయాసం. టౌన్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే, నీళ్లు ఎక్కువ తాగేస్తున్నాడు, ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. ఇంటికొచ్చి నేనూ అమ్మా ఆయన్ని నానా మాటలూ అన్నాం. పాపం, కొలిచి పోసిన నీళ్లకి మించి ఒక్క గుక్క తాగలేదాయన.

పట్టుకున్నది సెంటర్లో టెక్నీషియన్. కాటా ఎక్కిన నాన్న కాలర్లో రెండు వేళ్లు దూర్చి, "ఏటి మావయ్యా, సొక్కా ఇంత ఒదులైపోనాది? బరువు సూస్తే అంతే ఉంది!" అన్నాడు. నీరంతా తీశాక మిగలాల్సిన బరువు నాన్నకి 54 కిలోలని రాసుకున్నారు. లోపల కండ కరుగుతుంటే ఆ లోటు నీరు పూడుస్తోంది. డాక్టరు గారు ఆ లెక్కని మెల్లగా 51కి దించారు. ఆయాసం తగ్గింది గానీ దగ్గూ, సాయంత్రం జ్వరమూ పోలేదు. కళ్లె పరీక్షకి పంపితే టీబీ!

మొదటి రెండు నెలలూ నాలుగు మందులు. వాటిలో రెండింటిని రోజూ వేసుకోవాలి. ఇథాంబుటాల్, పైరజినమైడ్ మాత్రం వారానికి మూడుసార్లే, అదీ డయాలసిస్ అయ్యాకే. ముందే వేసుకుంటే మిషన్ మందుని కూడా లాగేస్తుందట. సిస్టర్ సూదులు తీసి, దూది నొక్కిపట్టి, ఆ మాత్రలు తన ఎదుటే మింగించేది. ఇథాంబుటాల్ చూపు మీద పడొచ్చని గోడ క్యాలెండర్లో ఎర్ర అంకెలు చదివించేది. ఆదివారం తేదీలన్నీ నాన్నకి కంఠతా వచ్చేశాయి.

మిగతావాళ్లకి అంటకుండా ఆయన్ని చివరి షిఫ్టుకి, కిటికీ పక్క మంచానికి మార్చారు. తప్పు పట్టను. కానీ ఆ సంగతి మేం సెంటర్‌కి వెళ్లాకే చెప్పారు. రాత్రి పదకొండుకి ఆటోవాడు ఎనిమిది వందలు పుచ్చుకున్నాడు. ఒక స్టార్ తగ్గించింది అందుకే.