నిమ్మ గింజ నుంచి వచ్చిన మీగడ మచ్చల మొక్క: నాలుగేళ్ల తర్వాత

ఈ మొక్క మీద నా మమకారమంతా ఒక్క ఆకుతో మొదలైంది. మధ్య ఈనెకు ఎడమవైపు ముదురాకుపచ్చ, కుడివైపు మీగడ రంగు. ఎండకు ఎదురుగా పట్టుకుంటే రెండు సగాల్లోనూ నూనె చుక్కలు మెరుస్తాయి, నలిపితే వాసన ఒకటే. గింజ ఎలా నాటాలో, నీళ్లు ఎంత పోయాలో అందరికీ తెలిసిందే కాబట్టి అవి వదిలేస్తున్నాను.

2021 వేసవిలో పులిహోరకు పిండిన నిమ్మకాయల గింజలను గుజ్జుతోనే రెండు రోజులు గిన్నెలో ఉంచి, తర్వాత నాటాను. మొలిచిన పద్నాలుగింటిలో మూడు పాలలా తెల్లగా వచ్చాయి. ఒక గింజ నుంచైతే రెండు మొలకలు, ఒకటి పచ్చనిది, ఒకటి తెల్లనిది. నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలుండటం మామూలే. ఆ తెల్లదాన్ని బతికించాలని నీడకు మార్చాను, ఎరువు నీళ్లు పోశాను. ఐదో వారం తలవాల్చేసింది. పత్రహరితం లేని మొలకకు గింజలోని నిల్వే ఆహారం, అది తీరాక ఏం చేసినా లాభం లేదు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. గింజ తొక్క మీద పెరిగే ఆస్పర్జిల్లస్, ఆల్టర్నేరియా బూజుల వల్ల కూడా నిమ్మ జాతి మొలకలు ఇలా పాలిపోతాయని తర్వాత తెలిసింది. మరుసటి ఏడాది గింజలు శుభ్రంగా కడిగి, నీడలో ఆరబెట్టి, థైరమ్ అనే బూజు మందు పట్టించి నాటితే ఒక్కటీ తెల్లగా రాలేదు.

మచ్చల మొక్క మాత్రం ఆ మొదటి నారులో మిగిలిందే. ఆరో ఆకు దగ్గర రంగు చీలింది. మాది సున్నం ఎక్కువున్న బోరు నీరు, ఇనుము లోపంతో మిగతా మొక్కల చిగుళ్లు కూడా ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా ఉన్నాయి. ఇదీ అదేనేమోనని అన్నిటికీ చీలేటెడ్ ఇనుము (మొక్క సులువుగా పీల్చుకునే రూపంలోని ఇనుము) పిచికారీ చేశాను. మూడు వారాల్లో మిగతావి పచ్చబడ్డాయి, దీని మీగడ సగం మాత్రం అలాగే ఉంది. అంటే ఇది లోపం కాదన్నమాట, ఆనందం పట్టలేకపోయాను! పోషక లోపమైతే మధ్య ఈనెకు రెండు వైపులా రంగు ఒకేలా మారుతుంది. నిమ్మ జాతికి వచ్చే గ్రీనింగ్ తెగులు మచ్చలు రెండు వైపులా వేరువేరుగా ఉన్నా, మచ్చ అంచు మసకగా ఉంటుంది. దీని అంచు కత్తితో కోసినంత స్పష్టంగా ఉంది. గజనిమ్మ చిగుళ్లు ఊదారంగులో పుట్టడం మరో సంగతి, అది జాతి లక్షణం, ఆకు ముదిరితే పచ్చబడుతుంది.

మొదటి ఏడాది కనిపించినవారందరికీ ఇలాంటి మొక్క దొరికితే వదలొద్దని, పెద్ద శ్రమ ఉండదని చెప్పాను. శ్రమ ఉండదన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. మే ఎండకు మీగడ భాగం అంచులు గోధుమ రంగుకు మాడతాయి. పూర్తి పచ్చకొమ్మ ఒకటి వచ్చిందంటే మొక్క బలమంతా దానికే పోతుంది. మూడో ఏడాది రెండు నెలలు ఊళ్లో లేను, వచ్చేసరికి అలాంటి కొమ్మ రెట్టింపు ఎత్తుకు పెరిగి, మచ్చల కొమ్మను కమ్మేసింది. ఆ పచ్చకొమ్మను మొదలంటా కోసేయాల్సి వచ్చింది. తోటి మొక్కలు నా భుజం దాకా వచ్చాయి, ఇది మోకాలు దాటలేదు. పూత ఇంకా లేదు.

కాయల కోసమైతే దీన్ని పెంచమని చెప్పను. నాది తూర్పు బాల్కనీ, పదకొండు దాటితే నీడ, రోజూ ఉదయం చూసుకునే తీరిక నాకుంది. పడమటి ఎండ పడే మేడ మీద ఇది నిలుస్తుందని నమ్మకంగా చెప్పలేను. మన తోటల్లో నిమ్మను గింజ నారుతోనే ఎక్కువగా పెంచుతారు, చాలా మొలకలు తల్లి పోలికే వస్తాయి గనక. ఈ మచ్చలకు మాత్రం ఆ భరోసా లేదు. అందుకే ఈ వర్షాకాలం ఆ మచ్చల కొమ్మ నుంచి కన్ను (చిగురు మొగ్గ) తీసి, పక్కనున్న పచ్చ మొక్క మీద అంటు కట్టబోతున్నాను.