పేరు చెప్పి కాదు, మట్ట చూపించి మొక్క అమ్మారు: కడియపులంకలో ఒక నర్సరీ

ఐదేళ్ల క్రితం మా గేటు పక్కన ఫాక్స్‌టెయిల్ పామ్ అని ఇచ్చిన ఆరు మొక్కలు నాటాను. బోదె లావెక్కి సిమెంటు రంగుకి తిరిగాక తెలిసింది, అవి రాయల్ పామ్స్ అని. రాయల్ పామ్ ఇరవై మీటర్లు కూడా దాటుతుంది, మూడు నాలుగు మీటర్ల మట్ట ఎండి బరువుగా కింద పడుతుంది, మాకేమో పైన కరెంటు తీగలు, కింద కారు. నాలుగు చెట్లు కొట్టించేశాం. పెంచిన చెట్టు మీద గొడ్డలి పడుతుంటే చూడలేకపోయాను.

అందుకే ఈసారి రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు కడియపులంక వెళ్లి, కాలవ గట్టు దగ్గర ఒక చిన్న నర్సరీలో రెండు గంటలు నిలబడి మరీ కొన్నాను. అక్కడి పెద్దాయన రేటు చెప్పకముందే "ఆయ్, ముందు మట్ట చూడండి బాబూ" అని రెండు రకాలూ పక్కపక్కన పెట్టారు. ఫాక్స్‌టెయిల్ ఆకుల కొసలు కొరికేసినట్టు, చిందరవందరగా ఉంటాయి, రాయల్‌వి సన్నగా మొనదేలి ఉంటాయి. మూడడుగుల మొక్కలో కూడా ఇది కనిపిస్తుంది, నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. పెద్దయ్యాక ఫాక్స్‌టెయిల్ మట్ట చుట్టూ ఆకులు గుబురుగా లేచి నిజంగా నక్క తోకలాగే ఉంటుంది, ఎత్తు కూడా పది మీటర్ల దగ్గర ఆగుతుంది కాబట్టి ఇళ్ల ముందుకి ఇదే నయం.

ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ కూడా అక్కడే వాడి చూశాను. ఒకే మొక్కకి రెండు ఫొటోలు తీస్తే రెండు పేర్లు చెప్పింది. పెద్ద చెట్లకి పర్వాలేదు గానీ కవర్లో ఉన్న మొక్కకి దాన్ని నమ్మి డబ్బులు పెట్టకండి.

ఖర్జూరం దగ్గర ఆయన నిజాయితీ నాకు బాగా నచ్చింది. మట్ట మొదట్లో ఆకులు ముళ్లుగా మారి ఉంటే అది ఈత జాతి, మన ఈత, ఖర్జూరం రెండూ అందులోవే, చిన్నప్పుడు తేడా పట్టడం కష్టమే. ఖర్జూరం మొదట్లో పిలకలు పెడుతుంది, ఈత మామూలుగా ఒంటరిగా పెరుగుతుంది. "కాయల కోసమైతే విత్తనం మొక్క తీసుకోకండి, ఆడదో మగదో పూత వచ్చేదాకా తెలీదు" అని ఆయనే వద్దన్నారు. అమ్ముకునేవాళ్లు ఇలా చెప్పడం నేనెక్కడా వినలేదు.

మనం అరేకా అని కొనే పసుపు కాడల గుబురు మొక్క వక్క చెట్టు కాదు, మడగాస్కర్ నుంచి వచ్చింది. అసలు వక్క ఒంటి బోదెతో నిలువుగా పెరుగుతుంది. నర్సరీల్లో సాగో పామ్ అని ఇచ్చేది అసలు పామే కాదు, సైకస్ అనే వేరే రకం మొక్క. బాటిల్ పామ్‌కి ఉబ్బు మొదట్లో ఉంటుంది, స్పిండిల్‌కి నడుముకి కాస్త పైన, కానీ లేత మొక్కల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకని తల్లిచెట్టు చూపించమని అడగండి. ఆకు చేప తోకలా ఉండే జీలుగు కూడా అక్కడుంది. అది పూయడం మొదలుపెట్టిందంటే గెలలు పైనుంచి కిందికి వేసుకుంటూ వచ్చి, ఆఖరి గెల అయ్యాక చెట్టే చచ్చిపోతుంది. పైగా కాయల రసం తగిలితే విపరీతమైన దురద. పిల్లలున్న ఇంటికి వద్దంటాను.

లోపాలూ ఉన్నాయి. కవర్ల మీద పేర్లు రాసి ఉండవు, పెద్దాయన లేనప్పుడు పనివాళ్లు అన్నిటినీ "పామ్ అండి" అనేస్తారు. నేను తెచ్చిన నాలుగు ఫాక్స్‌టెయిల్స్‌లో ఒకదానికి కవర్లోనే వేళ్లు చుట్టుకుపోయి ఉన్నాయి, వెనక్కి ఇస్తే మాట్లాడకుండా మార్చారు. ఒక్కోటి 350 పడింది, బయటకన్నా కొంచెం ఎక్కువే.

ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి, ఆ తర్వాత లారీల లోడింగ్ మొదలవుతుంది, అప్పుడు ఆయన మీకు దొరకరు.